ఆరు పళ్ల ఖాళీ

మగాక్‌ని మెచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒక్క మంచి మాట అన్నామా, ఆ మనిషికి మూడు రోజులు కాళ్లు నేలకు ఆనవు. అయినా ఉన్నమాట చెప్పాలి కదా. మా కిసుము ఊళ్లోనే కాదు, ఊరిని ఆనుకున్న సరస్సు చుట్టుపక్కల ఎక్కడ వెతికినా కట్టుడు పళ్లు చేయడంలో అతన్ని మించినవాడు లేడు. పంతొమ్మిదేళ్లు అతని పక్కన కూర్చుని ప్లాస్టర్ కలిపాను. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

మా పళ్ల ఆసుపత్రి సంత వెనకాల ఉండేది. ముందు గదిలో డాక్టరు పొద్దున్నే వచ్చి, పళ్లు పీకి, పదకొండుకల్లా వెళ్లిపోయేవాడు. వెనక గది మాది. ఒక గ్యాసు పొయ్యి, మైనం కరిగించే గిన్నెలు, అరగదీసే చిన్న మోటారు, గోడ పొడవునా అరల్లో ప్లాస్టర్‌తో పోసిన ఊళ్లోవాళ్ల దవడలు. "పీకడానికేముంది అలువోచ్, ఎవడైనా పీకుతాడు. పోయిన నోరు తిరిగి తెచ్చివ్వాలి, అదీ పనంటే" అనేవాడు మగాక్. డాక్టరు చెవిన పడేలా అనేవాడు.

మనిషి కుర్చీలో కూర్చోకముందే "వేరుశనగలు ఎడమ పక్కన నములుతావు కదూ?" అని అడిగేవాడు. వాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. అతనికి కావలసిందీ అదే, వెంటనే లోపలికి తొంగి చూసేవాడు. పాత ఫోటో ఉంటే తెమ్మనేవాడు. అరవై ఏళ్లవాడికి ఇరవై ఏళ్లవాడి పళ్లు పెట్టేవాడు కాదు. అంచులు కాస్త అరగదీసి, ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకు తిప్పి పెట్టేవాడు. అది చూసి పెళ్లాలు "అయ్యో, ఇవి మా ఆయన పళ్లే" అని ఏడ్చేవాళ్లు. పై వరసకూ కింది వరసకూ మధ్య నీలికాగితం పెట్టి టకటకలాడించమనేవాడు. ఏ పన్ను ఎత్తుగా ఉందో చప్పుడు వినే చెప్పేవాడు, కాగితం మచ్చ తర్వాత చూసేవాడు. నేనున్నన్నాళ్లలో ఒక్కసారి కూడా తప్పు పోలేదు. చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. పైకి మాత్రం "అబ్బో" అని నా ప్లాస్టర్ నేను కలుపుకునేదాన్ని.

ఒక్కచోట మాత్రం మగాక్ ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. మా లువో తెగలో పాతతరం వాళ్లకు కింద ముందరి పళ్లు ఆరూ ఉండవు. పన్నెండో పదమూడో ఏట ఊరందరి ముందూ కూర్చుని తీయించుకునేవాళ్లు. కిక్కురుమనకుండా తీయించుకున్నాకే ఆ పిల్ల మా పిల్ల, ఆ పిల్లాడు మా పిల్లాడు. నా కాలానికి ఆ పద్ధతి పోయింది. ఆ ముసలివాళ్లు పళ్లసెట్టు కోసం వస్తే మగాక్ ఆ ఆరింటినీ కూడా తెల్లగా, నిటారుగా నిలబెట్టి పంపేవాడు. వాళ్లూ అద్దంలో చూసుకుని, పట్నంవాళ్ల నోరు వచ్చిందని మురిసిపోయి వెళ్లేవాళ్లు. వద్దన్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరే, దోర్సిలా అవ్వ.

అవ్వకు ఎనభై దాటాయి. అసెంబో అనే పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసరికి నోట్లో ఐదు మొద్దులు మిగిలి ఉన్నాయి, అవీ పుచ్చిపోయినవే. డాక్టరు వాటిని పీకేసి, చిగుళ్లు మానాక రమ్మన్నాడు. మూడు నెలలకు ఒక సోమవారం పొద్దున్నే వచ్చి మా బల్ల ముందు కూర్చుంది. మాట్లాడుతుంటే సగం మాటలు గాలిలో పోతున్నాయి. రెండేసి సార్లు అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

"నా సవతి పోయింది నాయనా" అంది మగాక్‌తో. "సిప్రోసా. శనివారం పోయింది. ఇక్కడే మార్చురీలో పెట్టారు. వచ్చే వారం శుక్రవారం ఇంటికి తీసుకెళ్తాం, శనివారం మట్టి చేస్తాం. శుక్రవారానికి నా నోరు నాకు కావాలి."

"పదకొండు రోజులా? ఇవేమన్నా చెప్పులనుకున్నావా అమ్మా?" అన్నాడు మగాక్.

"చెప్పులైతే నీ దగ్గరికి ఎందుకొస్తానయ్యా? వట్టి కాళ్లతో పోయేదాన్ని."

మగాక్ నవ్వాడు. అతన్ని నవ్వించడం మాటలు కాదు. అవ్వ అప్పుడు అసలు సంగతి చెప్పింది. శవం ఇంటికి చేరగానే దగ్గరి ఆడది ఎదురెళ్లి, అటూ ఇటూ నడుస్తూ, పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి పాడే పాటను దెంగో అంటాం. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు పాడాలని సవతులిద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. కానీ సిప్రోసా పెద్దకొడుకు ఒపాండె ఒప్పుకోలేదు. "పెద్దమ్మా, నువ్వు పాడితే ఈల వేసినట్టుంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు, మైకుసెట్టు మాట్లాడాను, చర్చి పాటల క్యాసెట్టు వేస్తాం" అన్నాడట. అవ్వ బతిమాలి ఒక బేరం కుదుర్చుకుంది. ముందు తను పాడుతుంది. మాటలు అర్థం కాకపోతే అప్పుడు క్యాసెట్టు వేసుకోవచ్చు.

"ఆ పాటలో ఒక మాట ఉంది. అది అందరికీ వినపడాలి, తేటగా. అంతే నాకు కావలసింది" అంది అవ్వ.

"ఏంటవ్వా ఆ మాట?" అన్నాను నేను, ఆగలేక.

"నువ్వెవరి కోడలివే?" అంది నన్ను ఎగాదిగా చూసి. నేను మళ్లీ ప్లాస్టర్ గిన్నె అందుకున్నాను.

ఆ పూటే మగాక్ చిగుళ్ల అచ్చులు తీశాడు. గురువారానికి మైనంలో పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూపించాడు. పై వరసను అవ్వ అద్దంలో తిప్పి తిప్పి చూసుకుంది. ఒక కోరపన్ను పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంది. "ఇది నీకెలా తెలిసింది? మా అమ్మ పన్ను ఇది, నాకూ అలాగే ఉండేది" అంది. మగాక్ భుజాలు ఎగరేసి, "నీ పెదవి చెప్పింది. అక్కడ లోపలివైపు నొక్కు ఉంది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన లేచి అతని చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది.

తర్వాత కింది వరస పెట్టాడు. అవ్వ ముఖం మారిపోయింది.

"ముందర ఇవెవరివయ్యా?"

"ఇంకెవరివి? నీవే."

"నావి ఆరూ పుట్టినూరు సకువాలో మా నాన్న గుమ్మం ముందు పాతిపెట్టారు. ఇవి నావి కావు."

"అందరికీ పెడుతున్నానమ్మా. అవి లేకపోతే సెట్టు సెట్టులా ఉండదు. కూలిపోయిన కంచెలా ఉంటుంది."

అవ్వ ఇంకేదో అనబోయి, అతని చేతుల వంక చూసి, పనితనం తెలిసినవాడు చెబుతున్నాడు కదా అనుకుందేమో, ఊరుకుంది. మరునాటికి మైనం తీసి ప్లాస్టిక్ పోసి, మెరుగుపెట్టి సిద్ధం చేశాడు. మగాక్ చేసిన అన్ని సెట్లలోకీ అదే అందమైనదని ఇప్పటికీ అంటాను. నోట్లో పెట్టుకుని అవ్వ "సిప్రోసా" అంది. ప్రతి అక్షరమూ తేటగా వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

"పాడు చూద్దాం" అన్నాడు మగాక్.

అవ్వ ఏదో పాత పాట ఎత్తుకుంది. రెండో ముక్కకే కింది సెట్టు ఎగిరొచ్చి నా టీ గ్లాసులో పడింది.

మొదటిసారి ముగ్గురమూ నవ్వుకున్నాం. మగాక్ అంచులు అరగదీశాడు. మళ్లీ ఎగిరింది. శనివారం అడుగున కొత్త పొర వేశాడు. మాట్లాడితే నిలుస్తుంది, నమిలితే నిలుస్తుంది, పాడితే దూకుతుంది. సోమవారం మళ్లీ సరిచేశాడు. మంగళవారం నాటికి అతని ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. చిగురు అరిగిపోయింది అన్నాడు. ప్లాస్టర్ పల్చగా కలిపావన్నాడు నన్ను. అప్పటికి గడిచిన పదకొండేళ్లలో నా ప్లాస్టర్‌కు వంక పెట్టడం అదే మొదలు. గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టి, "అయితే నువ్వే కలుపుకో మేస్త్రీ" అన్నాను.

చివరికి అవ్వ మీదే విరుచుకుపడ్డాడు. "నాలుక ఎందుకలా ముందుకు తోస్తావు? లోపల పెట్టుకోలేవా?"

అవ్వ కింది సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. కోపమొస్తే బాగుండు అనిపించింది నాకు.

"డెబ్భై ఏళ్లు దానికి ఏ అడ్డూ లేదు నాయనా. ఇప్పుడు లోపల పడి ఉండమంటే ఉంటుందా? పోనీ అది ఉన్నా, ఈ నోటితో నేను చెప్పే మాట ఎవరు నమ్ముతారు?"

"ఏ మాట?" అన్నాడు మగాక్. ఈసారి అవ్వ చెప్పింది.

సిప్రోసా ఆమెకు చిన్నాన్న కూతురు. ఇద్దరికీ ఒకే రోజు పళ్లు తీశారు. ఆడపిల్లలందరినీ తూర్పుముఖంగా వరసగా కూర్చోబెట్టారు. కంచె అవతల అమ్మలూ అత్తలూ ఊరి ఆడాళ్లూ నిలబడ్డారు. అప్పటికే దోర్సిలాను అసెంబో వాళ్లు కోడలిగా అడిగి ఉన్నారు. ఆ అత్తగారూ ఆ గుంపులోనే ఉంది. మూడో పన్ను దగ్గర దోర్సిలా తట్టుకోలేక కేక పెట్టి ఏడ్చేసింది. "ఎవరే అది?" అని కంచె అవతల నుంచి అరిచారు. పక్కన కూర్చున్న సిప్రోసా, అప్పటికే ఆరూ తీయించుకుని కన్ను కూడా ఆర్పని పిల్ల, నోటి నిండా రక్తంతో చెయ్యెత్తి "నేనే" అంది.

"ఆ పూట నుంచీ అది ఏడుపుగొట్టు సిప్రోసా అయిపోయింది" అంది అవ్వ. "దాన్ని అడగడానికి ఎవరూ రాలేదు. ఏడ్చిన పిల్లను ఎవరు చేసుకుంటారు? నాలుగేళ్లు చూశాను. చూడలేక మా ఆయన్ని పోరి నేనే నా ఇంటికి తెచ్చుకున్నాను, సవతిగా. ఇక కొట్టుకున్నాం చూడు! కుండలు పగలగొట్టుకున్నాం. జుట్లు పట్టుకున్నాం. ఊళ్లో లేని తిట్టు లేదు. ఎంత మంట మీదున్నా అది మాత్రం ఆ ఒక్క మాట నన్ను అనలేదు. అరవై ఏళ్లు. మనవలు కూడా 'ఏడుపుగొట్టు నానమ్మా' అని పిలిస్తే నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేనిదాన్ని."

నేను పొయ్యి ఆపేసి అవ్వ పక్కన కూర్చున్నాను.

"శనివారం ఆ పేరుతోనే దాన్ని పూడ్చిపెడతారు. ముందురోజే చెప్పాలి నేను, దెంగోలో. దెంగోలో అన్న మాట ఊళ్లో నిలిచిపోతుంది, మామూలుగా చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు. ఏడ్చింది నేనని చెప్పి, ఇదిగో, ఇక్కడ, అని నోరు తెరిచి చూపించాలి. అక్కడ నీ తెల్ల పళ్లు ఆరు ఇకిలిస్తుంటే ఎలా చూపించను?"

మగాక్ తల వంచుకుని ఉన్నాడు. అవ్వ అతని గడ్డం పట్టుకుని, చిన్నపిల్లాడి ముఖం ఎత్తినట్టు ఎత్తింది.

"వారం నుంచీ నా ముఖంలో ముఖం పెట్టి పనిచేస్తున్నావు. నీ కింది పళ్లు ఆరూ కొలిచినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి. దేవుడు అంత శ్రద్ధగా చేయడు. నీకెక్కడ తీశారు?"

"గెమ్‌లో" అన్నాడు మగాక్. "నలభై ఏడులో. నైరోబీలో పని నేర్చుకోడానికి వెళ్తే నవ్వారు. నోరు తెరిస్తే చాలు, 'గేటు తెరిచాడ్రా' అనేవాళ్లు. నేను చేసిన మొదటి సెట్టు నాకోసమే. ఆ ఆరే."

నేను నిర్ఘాంతపోయాను. పదకొండేళ్లు అతని పక్కనే కూర్చుని, రోజుకు వంద నోళ్లలోకి చూస్తూ, ఆ పళ్లు కట్టుడు పళ్లని నేను కనిపెట్టలేకపోయాను. అంత బాగా చేసుకున్నాడు మహానుభావుడు. చెప్పనందుకు కోపమొచ్చింది, చేసినదానికి మొక్కాలనిపించింది.

బుధవారం పొద్దున నేను తలుపు తీసేసరికి మగాక్ అప్పటికే వచ్చి బల్ల దగ్గర ఉన్నాడు. అతని ఆరు పళ్లూ నీళ్ల గ్లాసులో ఉన్నాయి. కింది పెదవి కాస్త లోపలికి పోయి, ముఖం పదేళ్లు ముసలిదయింది. గోడవైపు తిరిగి, నాలుక కింద వేలు పెట్టుకుని ఏదో పాత పాట పాడుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"ఇటు రా అలువోచ్, చూడు. పాడేటప్పుడు నాలుక ఎక్కడికొస్తోందో చూడు" అన్నాడు. "ఖాళీలోకి వచ్చి పెదవి మీద ఆనుతోంది. అది దాని వాకిలి. నేను వాకిట్లో గోడ కట్టి, ఎందుకు గుద్దుకుంటావు అని తిడుతున్నా. ముప్పై ఏళ్ల నుంచి ఎంతమంది నోళ్లలో కట్టానో ఈ గోడ!"

"వాళ్లెవరూ పాడలేదులే మేస్త్రీ" అన్నాను.

"పాడాలని ఉన్నా పాడలేకపోయారేమో. నేను అడిగానా?"

అవ్వ వచ్చింది. మగాక్ నోరు తెరిచి చూపించాడు. ఆమె తన నోరు తెరిచింది. ఇద్దరూ ఒకరి ఖాళీని ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ముప్పై రెండు పళ్లతో పక్కన నిలబడి నాకు ఎందుకో వెలితిగా అనిపించింది.

తర్వాత అతను చేసిన పని నేను ముందెప్పుడూ చూడలేదు. వెనక పళ్లు మాత్రమే పేర్చి, ముందర ఉత్త సన్నని పట్టీ పెట్టి, దాని చుట్టూ జావలా ఉండే అచ్చుమందు రాసి అవ్వ నోట్లో పెట్టాడు. "పది నిమిషాల్లో గట్టిపడుతుంది. అది గట్టిపడేదాకా నువ్వు నీ దెంగో పాడుతూ ఉండాలి. నీ నాలుకా నీ బుగ్గలూ వాటికి కావలసిన చోటు అవే మలుచుకుంటాయి. నేను వేలు కూడా పెట్టను" అన్నాడు.

అవ్వ చేత్తో వద్దన్నట్టు సైగ చేసింది. నాకు అర్థమయింది. "మేస్త్రీ, శవం లేనిచోట దెంగో పాడతారా ఎక్కడైనా? మనింటికి చావును పిలిచినట్టు కాదూ!" అన్నాను.

మందు గట్టిపడిపోతోంది. మగాక్ ముఖం మాడిపోయింది. ఇంతలో అవ్వ కళ్లు మెరిశాయి. గొంతెత్తి, సిప్రోసాను ఒకప్పుడు తిట్టిన తిట్ల పాట అందుకుంది.

"నీ కుండలో చేప ఉడికితే ఊరంతా వాసన సిప్రోసా,
తిన్నది మాత్రం నీ పిల్లి!
మొగుడొస్తాడని పొయ్యి రాజేశావు సిప్రోసా,
పొగకే పారిపోయి నా ఇంట పడ్డాడు!"

ఒకటి కాదు, రెండు కాదు, పది నిమిషాలూ తిడుతూనే ఉంది. ఆ తిట్లు విని నవ్వలేక నేను గోడకు చేరగిలబడ్డాను. మగాక్ గడియారం చూడటం మరిచిపోయాడు. చివరి పాటకు అవ్వ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, అయినా గొంతు తగ్గలేదు. తీసి చూస్తే ముందరి పట్టీ మీద ఆమె నాలుక నడిచిన దారి వేలితో దిద్దినంత స్పష్టంగా పడి ఉంది.

ఆ పట్టీయే అన్నిటికన్నా కష్టమైంది. ఎత్తు పెంచితే నాలుకకు తగులుతుంది, తగ్గిస్తే విరుగుతుంది. మగాక్ స్టీలు తీగను కాల్చి వంచి, ఆ దారి వెంటే లోపల పొదిగాడు. తీగ వంపు కుదరలేదని నాలుగుసార్లు పారేసి అయిదోసారి వంచాడు. గురువారం మధ్యాహ్నం అవ్వ నోట్లో పెట్టాడు. ముందర ఆరు పళ్ల మేర ఖాళీ, అడుగున చిగురు రంగులో సన్నటి గీత. "పాడు" అనలేదతను. ఆమే పాడింది. కుర్చీలోంచి లేచి, గదిలో అటూ ఇటూ నడుస్తూ, తల విసురుతూ, మిగిలిపోయిన తిట్లన్నీ పాడింది. సెట్టు కదల్లేదు. మగాక్ స్టూలు మీద కూలబడి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. నేనప్పుడు మెచ్చుకున్నాను, నోరారా మెచ్చుకున్నాను. నేల మీద నడవకపోతే పోనీ అనుకున్నాను.

శుక్రవారం ఇద్దరమూ మటాటు వ్యాను ఎక్కి అసెంబో వెళ్లాం. మగాక్ ఆరు పళ్లూ పెట్టుకోలేదు. దారిపొడవునా నోరు విప్పలేదు కూడా.

మేం చేరేసరికి ఆవరణ నిండా జనం. చెట్టుకు రెండు లౌడ్‌స్పీకర్లు కట్టి ఉన్నాయి. నల్ల కోటు వేసుకుని ఆ తీగల దగ్గర నిలబడ్డవాడే ఒపాండె అని పక్కావిడ చెప్పింది. మూడింటికి శవం వచ్చింది. పెట్టె దింపగానే దోర్సిలా అవ్వ చేతికర్ర ఎత్తి ఎదురెళ్లింది. జనంలో ఎవరో "ఇప్పుడు ఈల మొదలవుతుంది" అన్నారు, పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒపాండె టేపురికార్డరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మగాక్ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే రెండు రోజులు అక్కడ నొప్పి పోలేదు.

"లే సిప్రోసా, సకువా బిడ్డా, లే!
నీ సవతి వచ్చింది, దెబ్బలాటకు వచ్చింది.
నా కుండలు ఎవరు పగలగొడతారు ఇక?
నా మీద ఎవరు కేకలేస్తారు పొద్దుటే లేచి?"

ఒక్కొక్క మాటా గింజ గింజగా విడివిడిగా పడింది. ఆవరణ చివర పశువుల దొడ్డి దగ్గర కూర్చున్న మగవాళ్లు కూడా తలలు తిప్పారు. నవ్విన ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. అవ్వ పెట్టె చుట్టూ తిరుగుతూ వాళ్ల అరవై ఏళ్ల కాపురం అంతా పాడింది. ఒపాండె చెయ్యి టేపురికార్డరు మీంచి ఎప్పుడు తీశాడో నేను చూడలేదు.

అప్పుడు అవ్వ ఆగి, జనంవైపు తిరిగింది.

"సకువాలో ఆనాడు ఏడ్చిన పిల్ల ఎవరు?
మీరు నవ్విన పేరు ఎవరిది?
ఏడ్చింది నేను, దోర్సిలాను! సిప్రోసా కాదు!
మూడో పన్ను దగ్గర ఏడ్చాను, ఇదిగో, ఇక్కడ!"

కింది పెదవి వేలితో లాగి, ఆ ఖాళీని అందరికీ చూపించింది. ముందు వరసలో ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఒపాండె ముందుకొచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. "పెద్దమ్మా, అర్థం కాలేదు. మళ్లీ చెప్పు" అన్నాడు.

మగాక్ "అయ్యో, కదిలిందా?" అన్నాడు నా చెవిలో. అవ్వ కూడా తడబడి, దవడ తడుముకుని, సెట్టు గట్టిగానే ఉందని చూసుకుని, మళ్లీ పాడింది. ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా. ఏడ్చింది దోర్సిలా. సిప్రోసా కాదు.

"మళ్లీ చెప్పు పెద్దమ్మా" అన్నాడు ఒపాండె. ఈసారి కోటు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. యాభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచీ బడిలో, సంతలో, పెళ్లిళ్లలో ఏడుపుగొట్టుదాని కొడుకని పిలిపించుకున్నవాడు, పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి అడుగుతున్నాడు. అతనికి అర్థం కాకపోవడమేమిటి? మొదటిసారే అర్థమైంది.

అవ్వకూ అది తెలిసింది. మూడోసారి అతని కళ్లలోకి చూస్తూ చెప్పింది. నాలుగోసారి అతను అడిగేలోగా ఆవరణలోని ముసలమ్మలు, కింద ఆరు పళ్లు లేని ముసలమ్మలందరూ, ఒక్క గొంతుతో అందుకున్నారు. ఆడవాళ్ల పాటలో మగవాళ్లు గొంతు కలపరు. అయినా నా పక్కన మగాక్ నోరంతా తెరిచి, ఆ ఖాళీ అందరికీ కనబడేలా, "సిప్రోసా కాదు, సిప్రోసా కాదు" అని ఏడుస్తూ పాడుతున్నాడు. నేనూ పాడాను.